రెండు నిమిషాల ఆలస్యానికి ఆధారం

బాలవాఙ్మయ వికాస మండలి వారు ఉడత మాస్టారి శతజయంతి జరపాలని తీర్మానించుకున్నాక చేసిన మొదటి పని, ఆయన పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉన్నాయేమో వెతకడానికి ఒక ఉపసంఘాన్ని వేయడం. ఉపసంఘం ఏడు నెలలు జిల్లాలన్నీ తిరిగి, ఎక్కడా లేవని నివేదిక సమర్పించింది. మండలి ఆ నివేదికను హర్షధ్వానాల మధ్య ఆమోదించి, అట్ట రంగు బాగుందని ప్రత్యేకంగా మెచ్చుకుంది. పుస్తకాలు లేనంత మాత్రాన ఉత్సవం ఆగకూడదు కాబట్టి, ఆయన జీవితం ఆధారంగా ఒక నవల రాయించి ప్రతి బడికీ ఒక ప్రతి పంపాలని నిర్ణయించారు. ఎవరైనా రాయవచ్చునని, వయసుతోనూ చదువుతోనూ నిమిత్తం లేదని పేపర్లో ప్రకటన వేశారు.

నిజానికి ఆ పుస్తకాలు చింతలరేవు శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బీరువాలో, కింది అరలో ఉన్నాయి. ఉపసంఘం అక్కడికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ భోజనాల వేళ కావడంతో భోజనం చేసి వెళ్ళిపోయింది.

ఉడత మాస్టారి అసలు పేరు యర్రమిల్లి నరసన్న. ఆ ఊరి బళ్ళోనే ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. మధ్యాహ్నం పూట చిన్న తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టడానికి మాట్లాడే ఉడతనొకదాన్ని కల్పించి, దాని మీద నలభై ఒక్క కథలు రాశారు. ఆ కథల్లో ఎవరు ఎంత దూరం పోయినా దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేస్తారు. ఏనుగు వస్తుంది, గాలిపటం వస్తుంది, ఒక కథలో దొంగ కూడా దొంగతనం సగంలో వదిలేసి వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాడు. మాస్టారు పోయి యాభై ఏళ్ళయింది.

ప్రకటన చూసిన తలుపులమ్మ ఆ గ్రంథాలయంలోనే అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకు అక్షరాలు రావు. బీరువాలు తుడుస్తూ, పెద్ద అక్షరాలు ఉంటాయని కింది అరలోని పుస్తకాలు తీసి, ఉడత బొమ్మ కింద ‘ఉడత’ అనే ఉంటుందన్న నమ్మకంతో చదవడం మొదలుపెట్టింది. అలా కింది అర నుంచి పై అర దాకా ఎక్కడానికి పదకొండేళ్ళు పట్టింది. ఎంత చదివినా కంగారు మాత్రం తగ్గలేదు. ఎనిమిది గంటల బస్సుకు ఏడింటికే స్టాండులో ఉంటుంది. ఇంటికి చుట్టాలొస్తే, వాళ్ళు బయల్దేరేటప్పుడు సందు మలుపు దాకా వెళ్ళి, మనిషి కనిపించకుండా పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడుతుంది.

దానికి కారణం ఉంది. తల్లిని కాకినాడ ఆసుపత్రికి జీపులో తీసుకెళ్ళేటప్పుడు, దారిలో తాగుతుందని ఫ్లాస్కులో కాఫీ పోయించుకు రావడానికి ఆమె వీధి చివరి హోటలుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి జీపు లేదు. ఆలస్యం చేస్తే ప్రమాదమని డ్రైవరు కదిలించేశాడట. తల్లి మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

ఉడత మాస్టారు తన గురించి, గ్రంథాలయానికిచ్చిన పుస్తకం చివరి ఖాళీ పేజీలో, సిరాతో రాసుకున్నది అర పేజీ. అందులో ఒక చోట ఇలా ఉంటుంది: “మా చెల్లెలు బుల్లెమ్మను పెద్దమ్మా వాళ్ళు పెంచుకోవడానికి బర్మాలో రంగం తీసుకెళ్ళిన రోజున, నేను పరిగెత్తుకుంటూ రేవు చేరేసరికి లాంచీ మలుపు తిరిగింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, దానికి తొమ్మిది. మళ్ళీ చూడలేదు.” ఆ తర్వాతి వాక్యం ఆయనకు ఏ సంవత్సరం ఉద్యోగం వచ్చిందో చెబుతుంది.

తలుపులమ్మ ఆ అర పేజీని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ లాంచీ మలుపు తిరిగిపోయేది. ఇక ఉండబట్టలేక, నాలుగు లావుపాటి నోటు పుస్తకాల్లో నవల రాసింది. అందులో చెప్పుకోదగ్గ కల్పన ఒక్కటే. లాంచీ రెండు నిమిషాలు ఆలస్యంగా కదులుతుంది. నరసన్న పరిగెత్తుకుంటూ వస్తాడు, చెల్లెలి చెయ్యి పట్టుకుంటాడు, వెళ్ళొస్తానని అది, వెళ్ళి రమ్మని వీడు అనుకుంటారు. మిగతా నవలంతా ఆ రెండు నిమిషాల దగ్గరికి నడవడానికి వేసిన దారి.

రాజమండ్రిలో మండలి కార్యాలయం పదిన్నరకు తెరుస్తారు. తలుపులమ్మ తొమ్మిదికల్లా మెట్ల మీద కూర్చుంది. సెక్షను గుమాస్తా అబ్బులు నోటు పుస్తకాలు తీసుకుని, మర్యాదగా కుర్చీ వేసి, ఆమె చూస్తుండగానే ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి రెండు వందల పద్నాలుగు గీతలు తేలాయి.

తప్పులా బాబూ అని ఆమె భయపడింది. తప్పులు కాదని, కల్పనలని అబ్బులు చెప్పాడు. కొత్త మార్గదర్శకాల ప్రకారం నిజ జీవితం ఆధారంగా రాసిన నవలలో ప్రతి కల్పనకూ ఒక ఆధారం, మూడు కాపీలు, గెజిటెడ్ అధికారి సంతకంతో జతపరచాలి. కిందటేడు ఒక మహానుభావుడి మీద మండలి వేసిన నవలలో, ఆయన ఏకాదశి నాడు ఉప్మా తిన్నట్టు రచయిత ఊహించాడు. మునిమనవళ్ళు వచ్చి మండలి గేటు ముందు టెంటు వేసి నిరాహారదీక్షకు కూర్చున్నారు. మూడో రోజున నిమ్మరసం ఇచ్చి లేపాల్సి వచ్చింది. అప్పటి నుంచి మండలి ఊహల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటోంది.

“ఇది నేను ఊహించుకుని రాశాను కదయ్యా. దీనికి ఆధారం ఎక్కడుంటుంది?” అంది తలుపులమ్మ.

“ఊహించేటప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారాండి?”

“పిల్లి ఉంది.”

అబ్బులు కాసేపు ఆలోచించి, పిల్లి సంతకం చెల్లదండి మామ్మగారూ అన్నాడు. ఎగతాళికి అన్నట్టు లేదు. ఇంతకు ముందెవరో ప్రయత్నించి చూసినట్టే చెప్పాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు తలుపులమ్మ సంచీ భుజాన వేసుకుని కాగితాల కోసం తిరిగింది. మొదటి గీత వాన దగ్గర పడింది. బుల్లెమ్మ వెళ్ళిన రోజు సన్నగా తుంపర పడుతున్నట్టు ఆమె రాసింది. వాతావరణం వారిని అడిగితే, ఆ కాలంలో చింతలరేవులో వాన కొలిచే గిన్నె లేదని రాసిచ్చారు. ఆధారం లేదు కాబట్టి వాన తీసేయమన్నారు. తీసేసి, ఎండగా ఉందని రాసింది. ఎండకు మాత్రం ఆధారమేదన్నారు. మబ్బుగా ఉందని రాసినా అదే ప్రశ్న. ఎండా వానా మబ్బూ లేకుండా రోజెలా ఉంటుందని ఆమె అడిగితే, విషయం కార్యదర్శి దాకా వెళ్ళి, ఆయన స్వహస్తాలతో ఒక వాక్యం దిద్ది పంపారు. “ఆ రోజు వాతావరణం ఉన్నది.” ఇది ఎవరూ కాదనలేనిదని సెక్షనంతా మెచ్చుకుంది.

నరసన్న తల్లి పులిహోర కలిపినట్టు రాసిన చోట, చింతపండు కొన్న దుకాణం వివరాలు అడిగారు. నాన్నమ్మ దగ్గినట్టు రాసిన చోట వైద్యుడి ధ్రువపత్రం అడిగారు. “కాకి అరిచింది” అన్న చోట మాత్రం అబ్బులు కాస్త ఉదారంగా, ఏ కాకో చెప్పలేదు కాబట్టి ఎవరి మనోభావాలూ దెబ్బతినవని వదిలేశాడు.

ఇంతలో తలుపులమ్మ ఒక వింత గమనించింది. నవలలో అక్కడక్కడా మాట్లాడే ఉడత వస్తుంది. దాని మాటల కింద ఒక్క గీత కూడా లేదు. అబ్బుల్ని అడిగితే, ఉడత మాట్లాడుతుందని మీరు జతపరిచిన మాస్టారి పుస్తకం కాపీలో పద్నాలుగో పేజీలో అచ్చులో ఉందండి, అచ్చులో ఉన్నదానికి ఆధారం అక్కర్లేదండి అన్నాడు. అమ్మ పులిహోర కలపడం ఎక్కడా అచ్చులో లేదు.

తలుపులమ్మ ఇంటికొచ్చి రబ్బరు తీసుకుని కూర్చుంది. అమ్మ పులిహోర కలిపిందన్న వాక్యం చెరిపి, “మీ ఇంట్లో పులిహోర వాసనొస్తోంది” అని ఉడత చేత అనిపించింది. నాన్నమ్మ దగ్గును ఉడత విన్నది. బుల్లెమ్మ కొత్త పరికిణీ రంగు ఉడత చూసి చెప్పింది. ఈ పద్ధతిలో నూట అరవై మూడు కల్పనలు ఒక్క వారంలో ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం కింద ఆమోదం పొందాయి. సాక్షి చెట్టు మీద ఉండటం వల్ల అన్ని వైపులా చూడగల వీలున్నదని కార్యదర్శి ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో రాశారు.

ఆ ధైర్యంతో లాంచీ రెండు నిమిషాలు ఆలస్యమైందని కూడా ఉడతతోనే చెప్పించింది. ఆ కాగితం తిరిగొచ్చింది. సదరు సాక్షికి గడియారం చూడటం రాదని పందొమ్మిదో కథలో మాస్టారే స్వయంగా పేర్కొని ఉన్నారు కాబట్టి కాలానికి సంబంధించిన వాంగ్మూలం చెల్లదని అందులో ఉంది. ఆ కథ తలుపులమ్మకు కంఠతా వచ్చు. ఉడత చిన్నముల్లును పురుగనుకుని కొరకబోతుంది. కాదనడానికి వీల్లేదు.

ఈసారి ఆమె తిన్నగా కార్యదర్శి సర్వోత్తమరావు గారి గదిలోకే వెళ్ళింది. ఆయన చెడ్డ మనిషి కాదు. కూర్చోమని, బిస్కెట్లు తెప్పించి, ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. లాంచీని రెండు నిమిషాలు ఆపకపోతే తన నవల వల్ల ఎవరికీ ఉపయోగం లేదని, మిగతావన్నీ కొట్టేసినా తనకు బాధ లేదని ఆమె చెప్పింది.

“అమ్మా, మీ ఆవేదన మండలి దృష్టిలో ఉన్నది. అయితే జలరవాణా వాహనమును ఆపు అధికారము మాకు లేదు. సంబంధిత వ్యక్తి ఎవరైనా ఆలస్యమును ధ్రువీకరించినచో తదుపరి చర్య నిమిత్తం పరిశీలించగలము” అన్నారాయన.

సంబంధిత వ్యక్తి అంటే లాంచీ నడిపే సరంగు. చింతలరేవులో మిగిలిన సరంగు కాసులు ఒక్కడే. తొంభై ఏళ్ళుంటాయి. వంతెన కట్టాక లాంచీలు పోయాయి గాని, కాసులు రోజూ పొద్దున్నే రేవు మెట్ల మీదికొచ్చి కూర్చుంటాడు. బుల్లెమ్మ ఎక్కిన లాంచీ నడిపింది అతని తండ్రే. తలుపులమ్మ విషయమంతా చెప్పి, ఆ రోజు లాంచీ రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలి ఉంటుందంటావా మావా అని అడిగింది.

కాసులుకు చాలా కోపం వచ్చింది.

“రెండు నిమిషాలేటే. మా అయ్య లాంచీ గురించి ఎవరే నీకు అలా చెప్పింది. జనం నిండకుండా కదిలిందా ఏనాడన్నా. నిండడానికి ముప్పావు గంట. తక్కువలో తక్కువ నలభై నిమిషాలు. టైముకి కదిలిందని రాశావంటే మర్యాదగా ఉండదు.”

మరి మాస్టారికి అందలేదు కదా, అలా రాసుకున్నారు కదా అంది తలుపులమ్మ. ఆ రోజు ఏ పెళ్ళివారో ఒక్కసారే ఎక్కేసి ఉంటారని కాసులు అన్నాడు. కాగితం మీద మాత్రం పెళ్ళివారి మాట రాయనివ్వలేదు. ఉంటారేమో అన్నదానికి వేలిముద్ర వెయ్యనన్నాడు. నలభై నిమిషాలకు తక్కువ కాకుండా ఆలస్యమయ్యేదన్న దానికి సంతోషంగా వేశాడు.

మండలి ఆ కాగితాన్ని స్వీకరించింది. రెండు నిమిషాల ఆలస్యానికి ఆధారం లేనందున ఆ కోరికను తిరస్కరించింది. నలభై నిమిషాల ఆలస్యానికి ఆధారం ఉన్నందున దాన్ని మంజూరు చేస్తూ, తదనుగుణంగా అధ్యాయం తిరగరాసి పదిహేను రోజుల్లో పంపమంది.

తలుపులమ్మ బస్సులో ఇంటికొస్తూ ఆ ఉత్తర్వును నాలుగుసార్లు చదువుకుంది. ఆమె ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి అడగాలని అనుకోలేదు. దేవుణ్ణి అడిగినా అంతే అడిగేది. ఇప్పుడు ప్రభుత్వం వారు నలభై ఇచ్చారు. అంతసేపు ఆ పిల్లలేం చేస్తారు?

రాయడం మొదలుపెట్టాక తెలిసింది. వెళ్ళొస్తాననడమూ వెళ్ళి రమ్మనడమూ మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోయాయి. చెయ్యి పట్టుకోవడం అయిపోయింది. తర్వాత ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఆ తర్వాత నరసన్న చెల్లెలి మూట విప్పి ఏమేం పెట్టుకుందో చూశాడు. అందులో తన పలక బయటపడింది. పలక కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు. పెద్దమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది. బుల్లెమ్మ అలిగి అటు తిరిగి కూర్చుంది, నరసన్న ఇటు తిరిగి కూర్చున్నాడు. అలా పది నిమిషాలు గడిచాక, నీటి మీద తేలుతూ పోతున్న కొబ్బరికాయ ఏ ఊరిదై ఉంటుందో మాట్లాడుకుంటూ అలక మరిచిపోయారు. రాస్తున్నంత సేపూ తలుపులమ్మ నవ్వుకుంటూనే ఉంది. అధ్యాయం పూర్తయ్యాక చూసుకుంటే కళ్ళజోడు తడిసి ఉంది.

కొత్త అధ్యాయంలోవి కూడా ఉడత చేతే చెప్పించి, మొదటి రెండు వందల పద్నాలుగు కల్పనలకూ ఆధారాలు జతపరిచి, నవలను రెండు సంచుల్లో పెట్టుకుని వెళ్ళి ఇచ్చింది. నెల తర్వాత మండలి సమావేశంలో ఎంపికలు జరిగాయి. ఆమెను పిలిపించారు. సర్వోత్తమరావు గారు లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టారు. ఇంత పకడ్బందీగా ఆధారాలు సమర్పించిన రచన మండలి చరిత్రలో లేదన్నారు. ప్రతి ఊహకూ రుజువున్నది. కాబట్టి ఇందులో ఊహ అనేదే మిగలలేదు. పోటీ నవలలకు. కల్పన లేని రచనను నవలగా పరిగణించడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల దీన్ని పోటీ నుంచి తొలగించి, చరిత్ర విభాగానికి బదిలీ చేయడమైనది.

నా నవల వెయ్యరా బాబూ అని తలుపులమ్మ అబ్బుల్ని అడిగింది. వెయ్యరండి, కానీ అందులో రాసిందంతా నిజంగా జరిగిపోయినట్టేనండి అన్నాడతను. ఓదార్పుగానే అన్నాడు.

చరిత్ర విభాగం వారికి వెంటనే ఒక చిక్కు ఎదురైంది. లాంచీ నలభై నిమిషాలు ఆగిందని, అన్నాచెల్లెళ్ళు కలుసుకున్నారని ఫైలులో ఆధారాలున్నాయి. తాను వెళ్ళేసరికి లాంచీ వెళ్ళిపోయిందని మాస్టారు రాసుకున్నారు. ఆ మాటకు ఆధారం వెతికితే ఎక్కడా లేదు. అది అచ్చులో లేదు, ఎవరి సంతకమూ లేదు, కాపీలు లేవు, ఉడత కూడా ఆ విషయం ఎక్కడా ప్రస్తావించలేదు. అటువంటి పరిస్థితిలో ఎవరినైనా అడిగినట్టే మాస్టారినీ అడగాలని, పక్షపాతం చూపించరాదని నిర్ణయించి, పదిహేను రోజుల్లో ఆధారాలు సమర్పించవలసిందిగా ఆయన పేర నోటీసు పంపారు.

నోటీసు చింతలరేవు పోస్టాఫీసు నుంచి “చిరునామాదారు లేరు” అన్న రాతతో తిరిగొచ్చింది. లేరు అన్నారే గాని ఎక్కడికి వెళ్ళారో రాయలేదని మండలి రెండో నోటీసు పంపింది. అదీ తిరిగొచ్చాక, నిబంధనల ప్రకారం నోటీసును ఆయన ఉండే చోట అంటించాలి గనక, అబ్బులు జిగురు డబ్బా పట్టుకుని వచ్చి, బడి గేటు దగ్గరున్న మాస్టారి విగ్రహానికి అంటించాడు. తలుపులమ్మ పక్కనే నిలబడి చూసింది. చొక్కా మీద కాదు నాయనా, కింద దిమ్మ మీద అంటించు, ఆయనకు మాసిన బట్టలంటే గిట్టవు అని మాత్రం చెప్పింది. అబ్బులు అలాగేనండి ఆయ్ అని దిమ్మకే అంటించి, విగ్రహానికి ఒక నమస్కారం కూడా పెట్టాడు.

గడువులోగా సమాధానం రాలేదు. ఉత్తర్వు వచ్చింది.

“శ్రీ ఉడత మాస్టారు గారి వాదన ఆధారరహితమైనందున తోసిపుచ్చడమైనది. వారు తమ సోదరిని లాంచీ బయలుదేరుటకు పూర్వమే కలుసుకొని యున్నారు. ఇకపై పాఠ్యపుస్తకములందు, ఉపన్యాసములందు ఇదే విధముగా పేర్కొనవలెను.”

పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. రేవు మెట్ల దగ్గర నల్లరాతి ఫలకం పెట్టి, దాని మీద నలభై నిమిషాలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ చెక్కించారు. కాసులు దాన్ని చూసి, తక్కువలో తక్కువ అన్న మాట వదిలేశారని గొణిగాడు.

తలుపులమ్మకు మాత్రం అన్నం సయించడం మానేసింది. తాను ఊహించుకుని కాసేపు ఓదార్చుకుందామనుకుంటే, వీళ్ళు ఆ మనిషి బతుకులో జరిగినదాన్ని కొట్టేశారు. ఆయన పోయేదాకా ఆ రేవు వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి బడికి నడిచేవారని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. అందర్నీ దీపాల వేళకు ఇంటికి చేర్చిన నలభై ఒక్క కథలు ఆ మలుపు తిరిగిన లాంచీలోంచే వచ్చాయి. ఇప్పుడు ఆయన దగ్గర అది కూడా లేదు. ఆమె మళ్ళీ రాజమండ్రి వెళ్ళి, ఉత్తర్వు వెనక్కి తీసుకోమని చేతులు జోడించింది. సర్వోత్తమరావు గారు ఎంతో సానుభూతితో, వారు కలుసుకోలేదనడానికి ఆధారం తెస్తే తప్పక రద్దు చేద్దామన్నారు. జరగనిదానికి సాక్ష్యం ఎవరి దగ్గర ఉంటుందండీ అని ఆమె అడిగింది. అదే మా ఇబ్బంది కూడానమ్మా అన్నారాయన.

నోటు పుస్తకాలు నాలుగూ “ఇందు కల్పన లేదు” అన్న ముద్రతో తిరిగొచ్చాయి. ఆమె వాటిని బియ్యం డబ్బా మీద పెట్టి, ఇక ముట్టుకోలేదు.

ఒక మంగళవారం ఉదయం, డెబ్భై దాటిన ఒకావిడ గ్రంథాలయంలో అడుగుతూ అడుగుతూ ఆమె ఇంటికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన పేపరు ముక్క. తన పేరు ఐరావతి అని, విశాఖపట్నంలో బర్మా క్యాంపు నుంచి వస్తున్నానని చెప్పింది. రంగంలో పుట్టిందట. అక్కడి నది పేరే పెట్టారట. మంచినీళ్ళు తాగి, కాసేపు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత చెప్పింది.

“బుల్లెమ్మ మా అమ్మండి.”

తలుపులమ్మ కూర్చున్న పీట మీది నుంచి లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది.

ఐరావతి చెప్పిన దాని ప్రకారం, బుల్లెమ్మ పెళ్ళయి, పిల్లలు పుట్టి, బర్మా నుంచి మనవాళ్ళందర్నీ పంపించేసినప్పుడు ఓడలో విశాఖపట్నం వచ్చి పడింది. ఇరవై ఏళ్ళ కిందట పోయింది. చింతలరేవు బస్సులో ఒక పూట ప్రయాణం. వచ్చిన కొత్తలో అన్న ఇంకా బతికే ఉన్నాడని తెలిసి కూడా ఒక్కసారీ వెళ్ళలేదు. పిల్లలు అడిగితే, రేవుకు రానివాడి ఇంటికి నేనెందుకు వెళ్ళాలి అనేది. ఆ మాట మీదే పోయింది.

“ఆయన వచ్చారని గవర్నమెంటు వాళ్ళు తేల్చారంట కదండి. పేపర్లో పడింది. ఆ కాగితం ఒక కాపీ ఇప్పిస్తే, అమ్మ ఫోటో దగ్గర పెడదామని.”

తలుపులమ్మ దగ్గర ఆ ఉత్తర్వుకు అటెస్టు చేసిన కాపీలు మూడున్నాయి. ఒకటి తీసి ఇచ్చేస్తే ఆ మనిషి సంతోషంగా మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతుంది. ఆమె లేచి పెట్టె తెరిచింది. కాగితం చేతికి తగిలింది. మూత మళ్ళీ వేసేసింది.

“అది నేను రాసిన కథమ్మా. ఆయనకు లాంచీ అందలేదు. పరిగెత్తే వచ్చారు, అందలేదు. ఆయన చేత్తో ఆయన రాసుకున్నారు” అని, కింది అర నుంచి తెచ్చుకున్న మాస్టారి పుస్తకంలో ఆ అర పేజీ తీసి చూపించింది.

ఐరావతి ఆ మూడు వాక్యాలనూ వేలు పెట్టి చదువుకుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే తలుపులమ్మ వెళ్ళి దించి వచ్చింది.

“పరిగెత్తారన్నమాట” అంది ఐరావతి చివరికి. ఇంకాసేపటికి, “ఆ కాగితం వద్దులెండి. లాంచీలో కూర్చుని దారి చూసిన మనిషికి తెలీదా, రాలేదని. కానీ నలభై నిమిషాలు మాట్లాడుకున్నట్టు రాశారట కదా. ఏం మాట్లాడుకున్నారు? పేపర్లో అది వెయ్యలేదు” అంది.

తలుపులమ్మ బియ్యం డబ్బా మీది నుంచి నాలుగో నోటు పుస్తకం తీసి, దుమ్ము దులిపి, చదవడం మొదలుపెట్టింది. మొదట ఒకే వరస రెండుసార్లు చదివింది. పలక కోసం పోట్లాట వచ్చేసరికి కుదుటపడింది. ఐరావతి కాళ్ళు బార్లా చాపుకుని, గోడకు ఆనుకుని వింది. నరసన్న గట్టు మీది కొట్టుకు వెళ్ళి చెల్లెలికి జీళ్ళు తెచ్చిన చోట చెయ్యెత్తి ఆపింది.

“జీళ్ళు కాదండి. పళ్ళకంటుకుంటాయని మా అమ్మ ముట్టుకునేది కాదు. వేరుశెనగ ఉండ పెట్టండి. అదైతే ఎవరికీ పెట్టకుండా తినేసేది.”

తలుపులమ్మ పెన్సిలు తీసి జీళ్ళు కొట్టేసి వేరుశెనగ ఉండ రాసింది. బుల్లెమ్మ దాన్ని ఒక్కతే తినేసింది. నరసన్న చూస్తూ ఊరుకున్నాడు. నీటి మీద కొబ్బరికాయ తేలుతూ వచ్చింది, వెళ్ళిపోయింది. జనం ఒక్కొక్కరే ఎక్కి లాంచీ నిండింది. సరంగు లేచి మోకు విప్పడానికి వంగాడు.

“ఆగండాగండి” అంది ఐరావతి. “ఇంకో పది నిమిషాలు ఆపకూడదా?”

తలుపులమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమె వైపు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. ఎర్ర పెన్సిలు పట్టుకుని అక్కడెవరూ లేరు.

“ఎందుకు ఆపకూడదమ్మా” అని, మోకు విప్పే వాక్యాన్ని కొట్టేసి, పక్కనున్న ఖాళీలో, సరంగు మళ్ళీ గట్టు మీద కూర్చుని ఇంకో చుట్ట వెలిగించాడని రాసింది.